పొట్టు ఎండేదాకా చేతిలో డబ్బుండాలి

హోస్ట్: నమస్కారమండీ. అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలో ఉన్నాం. వెనక వినిపిస్తున్నది పీచు మిషను చప్పుడు. అక్కా, కొబ్బరి పొట్టుతో బిజినెస్ చేయొచ్చని ఎలా తట్టింది మీకు?

అక్క: మా దగ్గర పీచు తీశాక పొట్టును కాలవగట్టున పోసేసేవారు తమ్ముడూ. కడియంలో మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్తే, నర్సరీలవాళ్ళు అదే పొట్టును డబ్బిచ్చి తెప్పించుకుంటున్నారు!

హోస్ట్: తెచ్చింది తెచ్చినట్టే వాడతారా?

అక్క: అమ్మో, ఉప్పుంటుంది. తొట్టెలో నానబెడితే మొదటి నీళ్ళు టీ డికాషన్‌లా దిగుతాయి. నీళ్ళు మార్చి మార్చి కడిగి, ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ మీటరుతో చూసుకోవాలి. ఉప్పు మిగిలితే నారు మాడిపోతుంది. నా మొదటి లోడు అలాగే వెనక్కొచ్చింది.

హోస్ట్: మరి పెట్టుబడి?

అక్క: పీఎంఈజీపీ లోను, అంటే సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్ళకి కేంద్ర ప్రభుత్వం సబ్సిడీతో ఇప్పించే బ్యాంకు లోను. 10 లక్షల ప్రాజెక్టు. పల్లెటూరు, పైగా ఆడవాళ్ళం కాబట్టి మన వాటా 5 శాతం, 50 వేలు. సబ్సిడీ 35 శాతం, అంటే మూడున్నర లక్షలు. అది చేతికిస్తారని చాలామంది అనుకుంటారు. ఇవ్వరు. బ్యాంకులోనే 3 ఏళ్ళు డిపాజిట్‌గా ఉంటుంది. ఆ మేరకు వడ్డీ పడదు. యూనిట్ నడుస్తోందని చూసుకున్నాకే లోనులో సర్దుతారు.

హోస్ట్: అంతా సరిగానే ఉంది కదా, ఇబ్బంది ఎక్కడొచ్చింది?

అక్క: ప్రాజెక్టు రిపోర్టులో షెడ్డూ మిషన్లే రాయించాను. శ్రావణంలో ముసురు పట్టింది. పొట్టు ఎండలేదు. ఎండకపోతే మిషన్లో ఇటుకల్లా బ్లాకులు నొక్కలేం. పీచు తీసే కొబ్బరి డొక్కలకీ కూలీలకీ ఏ రోజుకారోజు ఇవ్వాలి, నర్సరీ డబ్బేమో నెలన్నరకి గానీ రాదు. కిస్తీ తేదీ ఆగుతుందా? గాజులు తాకట్టు పెట్టాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

హోస్ట్: ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు ఏం చేయాలంటారు?

అక్క: రిపోర్టులోనే వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ ఖర్చులకి డబ్బు, అడగాలి. రెండు నెలల డొక్కలు, కూలి, కరెంటు లెక్కేసి మరీ అడగాలి. మిషను చిన్నదైనా ఫర్వాలేదు. నేనిప్పుడు వేసవిలోనే ఎండబెట్టి, వానాకాలానికి సరుకు దాచుకుంటున్నాను... ఉండు తమ్ముడూ, తూర్పున మబ్బేసింది. కళ్ళం మీద పొట్టుంది, టార్పాలిన్ కప్పాలి.

హోస్ట్: పదండక్కా, ఓ కొస నేను పట్టుకుంటాను.