పెద్దవాళ్ళతో హైదరాబాద్ వస్తున్నారా? రూమ్ బుక్ చేసే ముందు ఇది వినండి

నమస్తే అండి అందరికీ. రాజమండ్రి నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, పోయినేడు మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి కుడి కాలు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, కర్ర పట్టుకుని నడుస్తారు, దూరమైతే వీల్‌చైర్. పంజాగుట్టలో హాస్పిటల్ చెకప్ ఉంది, ఎలాగూ వస్తున్నాం కదా అని చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూపిద్దామనుకుంటున్నాం, చార్మినార్ దగ్గరే ఒక లాడ్జి చవగ్గా దొరుకుతోంది, తీసుకోమంటావా" అని.

వద్దమ్మా. ఎందుకు వద్దంటున్నానో చెప్తా.

నాకు పోలియో, కాలికి క్యాలిపర్, అంటే ఊతమిచ్చే పట్టీ, వేసుకుని చంక కర్రలతో నడుస్తా, మీలో చాలామందికి తెలుసు. కాబట్టి నేను రూమ్ చూసేటప్పుడు స్టార్లు చూడను, ఫొటోలో పరుపు చూడను. కారు డోర్ తీసిన దగ్గర్నుంచి బాత్రూమ్‌లో కమోడ్ మీద కూర్చునేదాకా మధ్యలో ఎన్ని అడ్డంకులున్నాయి, అదొక్కటే చూస్తా. మీ నాన్నగారికి కూడా లెక్క అదే.

చార్మినార్ చూడ్డానికి బావుంటుంది, కానీ దాని చుట్టూ బండ్లు రానివ్వరు, నడిచేవాళ్ళకే వదిలేశారు, మంచిదే, కానీ కింద పరిచింది రాయి, వీల్‌చైర్ చిన్న చక్రాలు దాని మీద గడగడమంటాయి, పైగా సాయంత్రమైతే లాడ్ బజార్ వైపు మనిషి పక్కన మనిషి పట్టడు. పొద్దున్నే ఒక గంట వెళ్ళి కిందనుంచి చూసి రండి, పైకి ఎలాగూ 149 మెట్లు, మనకి కుదిరేది కాదు. చూడ్డానికి గంట పట్టే చోట మూడు రాత్రులు పడుకోవాల్సిన పని లేదు కదా. హాస్పిటల్‌కి మాత్రం పరగడుపున బ్లడ్ టెస్ట్ అంటారు, రిపోర్ట్‌కి మళ్ళీ సాయంత్రం రమ్మంటారు, మర్నాడు డాక్టర్ అంటారు. ఎక్కడికి ఎక్కువసార్లు తిరగాలో దాని పక్కన ఉండాలి.

అందుకని పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, ఈ వరసలో చూడండి. ఇవన్నీ మియాపూర్ ఎల్బీనగర్ మెట్రో రెడ్ లైన్ మీదే ఉన్నాయి. ఇటు ఎక్కితే పంజాగుట్ట, అటు ఎక్కితే ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్, అమీర్‌పేటలో రైలు మారే గొడవే లేదు, ఆఫీసుల టైంలో అమీర్‌పేట జనంలో కర్రతో నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే మూసీకి అవతల ఒడ్డునే సాలార్‌జంగ్, శుక్రవారం మాత్రం సెలవు, చూసుకోండి. మన మెట్రోలో నాకు బాగా నచ్చింది ఏంటంటే స్టేషన్లకి లిఫ్టులున్నాయి, ప్లాట్‌ఫారమ్, రైలు ఒకే ఎత్తులో ఉంటాయి, ఇంకో ఉపయోగం, రోడ్డు దాటాలంటే టికెట్ లేకుండానే ఇటు లిఫ్ట్ ఎక్కి పైన నడిచి అటు లిఫ్ట్‌లో దిగొచ్చు. లక్డీకాపూల్ ట్రాఫిక్‌లో అడ్డంగా రోడ్డు దాటడం కంటే వెయ్యి రెట్లు నయం.

హాస్పిటల్ గచ్చిబౌలిలో అయితే నా సమాధానం వేరేగా ఉండేది, అప్పుడు అక్కడే ఉండమంటా. అక్కడ కొత్త బిల్డింగులు, లిఫ్టులు పెద్దవి, బాత్రూములు విశాలంగా ఉంటాయి.

మ్యాప్‌లో "మెట్రోకి 200 మీటర్లు" అని చూసి మురిసిపోకండి. ఆ 200 మీటర్లలో ఫుట్‌పాత్ మీద ఎన్ని బైకులున్నాయో, బైకులు ఎక్కకుండా పాతిన స్తంభాల మధ్య వీల్‌చైర్ పడుతుందో లేదో మ్యాప్ చెప్పదు. 2022 నుంచి హైదరాబాద్‌కి గూగుల్ స్ట్రీట్ వ్యూ ఉంది, అందులో హోటల్ ముందుకెళ్ళి గేటు దగ్గర మెట్లు లెక్కపెట్టుకోండి, ఫొటో పాతదైనా మెట్లు మారవు చాలావరకు.

ఇప్పుడు అసలు సంగతి, ఫోన్ చేయడం. యాప్‌లో వీల్‌చైర్ బొమ్మ పక్కన టిక్ ఉంటే చాలదు, గేటు దగ్గర చిన్న ర్యాంప్ ఉన్నా ఆ టిక్ పెట్టేసే హోటళ్ళున్నాయి. హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి. చేసి "మెట్లున్నాయా" అని మాత్రం అడగొద్దు, "లేవు సార్, లిఫ్ట్ ఉంది" అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళ కంటికి ఆ నాలుగు మెట్లు కనపడవు అంతే. "కారు ఆగిన చోటు నుంచి లిఫ్ట్ డోర్ దాకా ఎన్ని మెట్లమ్మా" అని అడగండి. అప్పుడు "ఆఁ, రిసెప్షన్‌కి ఒక ఐదు, లిఫ్ట్ ముందు ఒక మూడు" అని బయటికొస్తుంది. మన పాత లాడ్జిల్లో చాలా చోట్ల లిఫ్ట్ మొదలయ్యేదే కొన్ని మెట్లెక్కాక. ఆ వెంటనే "లిఫ్ట్ సెల్లార్‌లోకి దిగుతుందా" అని అడగండి. దిగితే సగం సమస్య తీరినట్టే, కారుని సెల్లార్‌లోకే తీసుకెళ్ళి లిఫ్ట్ డోర్ ముందు దించండి, ముందు గుమ్మం మెట్ల జోలికే పోనక్కర్లేదు. కరెంట్ పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందా అనేది కూడా అడిగి, నడిచినా సరే మొదటి అంతస్తే ఇవ్వమనండి.

తర్వాత వాట్సాప్‌లో వీడియో పంపమనండి, రూమ్ డోర్ నుంచి బాత్రూమ్ లోపలిదాకా, కెమెరా కిందికి పెట్టి. మొహమాటపడొద్దు, రూమ్ ఇవ్వాలనుకున్నవాళ్ళు పంపిస్తారు. నేను ఆ వీడియోలో ముందు చూసేది బాత్రూమ్ గడప, నీళ్ళు బయటికి రాకుండా నాలుగంగుళాల గట్టు కడతారు చూడండి, అది. కాలు ఈడ్చి నడిచేవాళ్ళు పడేది అక్కడే. రెండోది తలుపు వెడల్పు, దానికి టేప్ అక్కర్లేదు, నేల మీద టైల్ సైజు అడగండి, రెండడుగుల టైల్ అయి తలుపు సరిగ్గా ఒక టైల్ అంతే ఉంటే మామూలు వీల్‌చైర్ పట్టదు, దానికి రెండడుగుల పైనే కావాలి, చేతులకి కూడా చోటుండాలి కదా.

ఇంక మీ నాన్నగారి విషయంలో ఇంకొకటుంది, అది హోటల్ వాళ్ళకి తట్టదు, డాక్టర్ కూడా చెప్పకపోవచ్చు. ఆయనకి పనిచేసేది ఎడమ చెయ్యి. మన బాత్రూముల్లో జెట్ స్ప్రే ఎక్కువగా కూర్చున్నవాళ్ళకి కుడి వైపు ఉంటుంది. పట్టుకుని లేవడానికి రాడ్ ఉంటే అదీ కుడి గోడకే ఉండొచ్చు. ఆయన కూర్చున్నాక ఎడమ చేతికి ఏం అందుతుందో వీడియోలో చూడండి. ఏమీ లేకపోతే ఒక బకెట్, మగ్గు ఎడమ పక్కన పెట్టించండి, బరువైన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి స్నానానికి అడగండి. టవల్ రాడ్ పట్టుకుని లేవనివ్వకండి, అది రెండు చిన్న స్క్రూల మీద ఉంటుంది, మనిషి బరువు పడితే గోడలోంచి ఊడొస్తుంది. మంచం కూడా ఆయన ఎడమ వైపు నుంచి దిగేలా ఉండాలి, ఎడమ పక్క గోడకి ఆనించి ఉంటే జరిపించండి, రాత్రి లేచేటప్పుడు తేడా తెలుస్తుంది.

ఇవన్నీ మనం బతిమాలి అడగాల్సినవి కాకూడదు నిజానికి. 2016లోనే వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు, అంటే మనలాంటివాళ్ళు ఇబ్బంది లేకుండా వాడుకునేలా కట్టే పద్ధతులు, సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయాల్సిందే అని చెప్పింది, ఆ కేసులో కోర్టు ముందుకెళ్ళిన రిపోర్ట్ తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ళే. ఆ ప్రమాణాలు ప్రతి లాడ్జి గుమ్మం దాకా రావాలి, వచ్చేదాకా నేను అడుగుతూనే ఉంటా, మీరూ అడగండి, పదిమంది అడిగితే ఆ ఓనర్ ఒక ర్యాంప్ పోయిస్తాడు.

అన్నట్టు రైలు టికెట్ మీద దిగే స్టేషన్ చూసుకోండమ్మా, చర్లపల్లి అని ఉందేమో. 2025 జనవరిలో అక్కడ కొత్త టెర్మినల్ ఓపెన్ అయ్యాక కొన్ని రైళ్ళు అటు మార్చారు, అక్కడ మెట్రో లేదు, లక్డీకాపూల్‌కి క్యాబ్‌లో చాలా దూరం, ముందే మాట్లాడి పెట్టుకోండి.

హోటల్‌కి వచ్చాక నాన్నగారిని కార్లోనే ఏసీ వేసి కూర్చోపెట్టండి. మీరొక్కరే పైకెళ్ళి రూమ్ తలుపు, బాత్రూమ్ గడప చూసి, కమోడ్ మీద మీరే కూర్చుని ఎడమ చెయ్యి చాపి చూసుకుని, బాగుంది అనిపిస్తేనే కిందికొచ్చి డబ్బులు కట్టండి.