తెరచాప పడవ ఎక్కే ముందు

(శ్రీకాకుళంలో యువతీయువకులు, వారి తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వచ్చే జనవరిలో మలేషియాలోని లంకావికి సెయిలింగ్, అంటే తెరచాప పడవ నడిపే కోర్సు కోసం వెళ్తున్న పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందు తల్లిదండ్రులతో మాట్లాడతాను. "సముద్రం మీద వారం రోజులా, అదీ ఆడపిల్లని పంపాలా" అని ఇందాక ఒకమ్మ అడిగారు. అమ్మా, మన నౌకాదళం పడవ తారిణి 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి భూమి చుట్టూ తిరిగి 2018 మేలో ఇంటికొచ్చింది. దాని మీద వెళ్లిన ఆరుగురూ ఆడవాళ్లే. అందులో పి. స్వాతి మన పక్క విశాఖపట్నం అమ్మాయి. మీ పిల్లలు వెళ్లేది అంత దూరమూ కాదు, అంత పెద్ద సముద్రంలోకీ కాదు. పగలు ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవ నడుపుతారు, సాయంత్రానికి లంగరు వేసుకుని అన్నం వండుకుంటారు.

ఇలాంటి కోర్సులు దీవుల మధ్యే ఎందుకు పెడతారంటే, గాలికీ కెరటానికీ దీవి అడ్డం ఉంటుంది కాబట్టి. కళింగపట్నం నుంచి బారువ దాకా మన తీరం చూడండి. దాదాపు తిన్నగా ఉంటుంది, ముందు ఒక్క దీవి అడ్డు లేదు, కెరటం నేరుగా ఒడ్డుకే వచ్చి విరుగుతుంది. కొత్తవాళ్లు తెరచాప పట్టుకోవడానికి ఇది కష్టమైన చోటు. లంకావి చుట్టూ వందకు దగ్గరగా దీవులున్నాయి. జనవరిలో అక్కడ వానలు తక్కువ, ఈశాన్యపు గాలి నిలకడగా వీస్తుంది.

బ్రిటన్ లోని రాయల్ యాటింగ్ అసోసియేషన్ పద్ధతిలో కొత్తవాళ్లు పడవ పనులు నేర్చుకునే కోర్సు పేరు కాంపిటెంట్ క్రూ. కనీసం ఐదు రోజులు పడవలోనే ఉండి నేర్చుకోవాలి. ఒక శిక్షకుడికి ఐదుగురికి మించి విద్యార్థులు ఉండరు. పడవ నడపడం అక్కడ నేర్పుతారు. కానీ చేతులు, కళ్లు, ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి మన ఊరే మంచి చోటు. ఇది నా గట్టి నమ్మకం. ఆన్‌లైన్‌లో ఖరీదైన జాకెట్లూ బూట్లూ వెతుకుతూ కూర్చునే బదులు ఈ వేసవిలో సముద్రం ఒడ్డుకు వెళ్లండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం. బోట్లు ఒడ్డున ఉన్నాయి, మనవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. ఒక పెద్దాయన పక్కన కూర్చుని "బాబాయ్, ఈ ముడి ఎలా వేస్తావో ఒకసారి చూపించు" అని అడగండి. లాగినా జారని ఉచ్చు, తడిసినా తేలిగ్గా ఊడే ముడి ఆ చేతులకు ఎప్పటినుంచో తెలుసు. కోర్సులో బౌలిన్, క్లోవ్ హిచ్, ఫిగర్ ఆఫ్ ఎయిట్, రీఫ్ నాట్ లాంటి ముడులు అడుగుతారు. అన్నిటికంటే ముందు బౌలిన్, అంటే ఆ లాగినా జారని ఉచ్చు రావాలి. కళ్లు మూసుకుని వేయండి, వీపు వెనక చేతులు పెట్టి వేయండి, తడి తాడుతో వేయండి. పడవ ఊగుతూ, చీకట్లో, ఎవరో కేకలేస్తుంటే వేయాల్సి వచ్చేది ఆ ముడే. ఇక్కడ చేతికి అలవాటైతే అక్కడ టెన్షన్ ఉండదు.

తర్వాత గాలి. కళింగపట్నంలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది. హైదరాబాద్ లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం రోజూ సముద్రం ఎలా ఉంటుందో ముందుగా చెబుతుంది. పొద్దున్నే ఆ అంచనా నోట్‌బుక్‌లో రాసుకోండి. గాలి వేగం నాట్లలో ఉంటుంది, ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. మధ్యాహ్నం ఒడ్డుకు వెళ్లి నిజంగా ఎలా ఉందో చూడండి. తెల్లవారుజామున నేల మీది గాలి సముద్రం వైపు వెళ్తుంది, ఎండ ఎక్కాక సముద్రం గాలి తిరిగి వస్తుంది. ఇంజన్లు లేని రోజుల్లో మన జాలర్లు ఆ మొదటి గాలితో వెళ్లి రెండో గాలితో ఇల్లు చేరేవారు. చెంపకు తగిలే గాలి ఎటు నుంచి వస్తోందో చూడకుండా చెప్పగలిగితే, పడవలో సగం పాఠం ముందే అర్థమవుతుంది.

ఆటుపోట్లూ గమనించండి. వంశధార సముద్రంలో కలిసే చోట ఒడ్డున గుర్తు పెట్టుకుని పున్నమి నాడు నీళ్లు ఎంత పైకి వస్తాయో, అష్టమి నాడు ఎంతో పోల్చండి. లంకావిలో ఈ తేడా మనకంటే బాగా ఎక్కువ. లంగరు వేసేటప్పుడు అప్పటి లోతు ఒక్కటే చూసుకుంటే సరిపోదు. నిండు పోటు మీద ఎంత లోతవుతుందో లెక్కగట్టి దానికి నాలుగు రెట్లు గొలుసు వదలాలి. నీళ్లు బాగా తగ్గే వేళ పడవ అడుగు నేలకు తగులుతుందా అన్నదీ చూసుకోవాలి.

ఈత రాకపోతే ఈ ఎండాకాలంలోనే నేర్చుకోండి. సముద్రంలో మాత్రం వద్దు, మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. కొలనులోనో చెరువులోనో, పెద్దవాళ్ల తోడుతోనే దిగండి. ఇక కడుపులో తిప్పడం. మొదటి ఒకటి రెండు రోజులు చాలామందికి ఉంటుంది, సిగ్గుపడాల్సిన పని లేదు. లోపల పడుకోకుండా పైకి వచ్చి ఆకాశం, నీళ్లు కలిసే గీత వైపు చూస్తూ కూర్చోండి. మాత్ర వేసుకోవాలనుకుంటే డాక్టరును అడిగి, ఇంట్లోనే ఒకసారి వేసుకుని చూడండి. కొన్నిటికి నిద్ర ముంచుకొస్తుంది.

పడవలో బతకడం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, నాకు మాత్రం అదే ముఖ్యం. ట్యాంకులో ఉన్న కొన్ని వందల లీటర్ల మంచినీళ్లే అందరికీ రోజుల తరబడి సరిపోవాలి. బయల్దేరే ముందు వారం రోజులు ఇంట్లో ఒకే బకెట్‌తో స్నానం, గిన్నెలు, అన్నీ కానివ్వండి. మరుగుదొడ్డిలో కడుపులోంచి వచ్చింది తప్ప ఏదీ వేయకూడదు. మూసుకుపోతే ఆ పైపు విప్పాల్సింది మీలో ఒకరే. వంట గ్యాస్ గాలి కంటే బరువు, కారితే నీళ్లలాగే పడవ అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది. అందుకే పొయ్యి కట్టేసి ఊరుకోకూడదు, సిలిండర్ దగ్గర కూడా కట్టేయాలి. పూరీలు, బజ్జీలు అని నూనె కాచే పని అసలు పెట్టుకోకండి.

సామాను మెత్తటి సంచిలో సర్దుకోండి, పెద్ద సూట్‌కేసు దాచడానికి అక్కడ చోటుండదు. పొడుగు చేతుల చొక్కాలు, తాడున్న టోపీ, నల్ల మరక పడని అడుగున్న బూట్లు చాలు. లైఫ్ జాకెట్ వాళ్లే ఇస్తారు. ఉంగరాలు, గాజులు, చున్నీలు ఇంట్లో వదిలేయండి. వించ్ మీద, అంటే తాడు చుట్టి బిగించే చక్రం మీద, బిగుసుకుంటున్న తాడు వేలిని లాక్కుంటే వదలదు.

మన పిల్లలకు ఒక అలవాటుంది. అర్థమైందా అని అడిగితే, అర్థం కాకపోయినా తలూపేస్తారు. క్లాసులో దానికి మార్కులు పోతాయి. పడవలో అయితే తెరచాప కింది దూలం ఒక్కసారిగా ఇటు నుంచి అటు తిరిగి ఎవరి తలకో తగులుతుంది. శిక్షకుడు ఏం చెప్పినా ఆ మాట పైకి తిరిగి చెప్పండి. తెలియకపోతే "నాకు తెలియలేదు, మళ్లీ చెప్పండి" అని గట్టిగా అడగండి. మన యాస చూసి మొహమాటపడొద్దు. ఈ ఒక్కటి ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేసినా తప్పులేదు.

ఈ ఆదివారం పొద్దున ఆరుకి కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ఉంటాను. తలా రెండు మీటర్ల తాడు, ఒక నోట్‌బుక్ తెచ్చుకోండి. తల్లిదండ్రులూ రండి, ముడులు మీకూ నేర్పుతాను.