అద్దె పుస్తకంతో గడప దాటిన మహిళలు

[తెర మీద: 19వ శతాబ్దపు లండన్‌లో మెరిల్‌బోన్ ప్రాంతపు ఇరుకు సందు చిత్రం]

నమస్కారం. పారిశ్రామిక యుగపు బ్రిటన్‌లో మధ్యతరగతి స్త్రీలకు గౌరవప్రదమైన ఉద్యోగాలు చాలా తక్కువ. పేదల ఇళ్లకు వెళ్లి సేవ చేయడాన్ని మాత్రం ఆ సమాజం స్త్రీకి తగిన పనిగానే భావించింది. ఆ సేవ ఎక్కువగా దుస్తులో ఆహారమో పంచి, నాలుగు మంచి మాటలు చెప్పి రావడంగానే ఉండేది. దానిని వేరే దారి పట్టించిన ఆక్టేవియా హిల్ గురించి ఈ వీడియోలో వివరిస్తాను.

1838లో పుట్టిన ఆక్టేవియాకు లేమి పరాయిది కాదు. తండ్రి దివాలా తీయడంతో చిన్న వయసులోనే ఆమె పనిలోకి దిగి, బొమ్మలు తయారుచేసే పేద పిల్లలకు పర్యవేక్షకురాలయ్యారు. ఆ పిల్లల ఇళ్లు చూశాకే, తిండి కన్నా ముందు గూడు బాగుపడాలనే ఆలోచన ఆమెలో బలపడిందని నాకు అనిపిస్తుంది. 1865లో కళా విమర్శకుడు జాన్ రస్కిన్ డబ్బు పెట్టగా, పారడైజ్ ప్లేస్ అనే సందులోని మూడు ఇళ్లు, పేదలకు అద్దెకిచ్చి నడపడానికి, ఆమె చేతికి వచ్చాయి. ఇతరులు కూడా ఇలాంటి పనికి ముందుకు రావాలంటే పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడి చూపించాలని రస్కిన్ సూచించారు.

[తెర మీద: అద్దె పుస్తకం, తాళాల గుత్తి]

అసలు విశేషం అద్దె వసూలు చేసే తీరులో ఉంది. వారం వారం ఒక స్త్రీ స్వయంగా ప్రతి గడపకూ వెళ్లి అద్దె తీసుకుని, పుస్తకంలో రాసి, ఊడిన పెచ్చులను, పూడిన కాలువలను అక్కడికక్కడే చూసి వచ్చేది. ఏటా మరమ్మతులకు కేటాయించిన సొమ్ములో మిగిలినదాన్ని అద్దెదారులు కోరిన సౌకర్యాలకే ఖర్చు పెట్టేవారు. అందువల్ల ఇంటిని పాడుచేయకుండా చూసుకుంటే ఆ లాభం తమకే దక్కుతుందని వారికి తెలిసివచ్చింది. పనులు దొరకని రోజుల్లో అద్దెదారులకే మరమ్మతు పనులు ఇచ్చేవారు. ఎదిగిన ఆడపిల్లలకు కూలి ఇచ్చి మెట్లు, నడవలు కడిగించేవారు. ఊరకే ఇస్తే మనిషి చిన్నబోతాడని ఆక్టేవియా గట్టిగా నమ్మారు. ఆ నమ్మకంలోని మర్యాదను నేను మనసారా గౌరవిస్తాను.

అయితే ఆ మర్యాద వెనుక కాఠిన్యమూ ఉంది. బకాయి పడి తీర్చనివారిని ఆమె ఖాళీ చేయించేవారు. రేవుల్లో ఏ రోజు పని దొరుకుతుందో తెలియని కూలీకి, వారం తప్పకుండా అద్దె కట్టడం క్రమశిక్షణ ఒక్కదానితో సాధ్యమయ్యే పని కాదు.

[తెర మీద: లండన్ రేవు, కాథరిన్ బిల్డింగ్స్]

ఈ సంగతిని దగ్గరగా చూసిన మరో మహిళ, తరువాత బియాట్రిస్ వెబ్‌గా పేరొందిన బియాట్రిస్ పాటర్. 1885లో రేవుల సమీపంలో పేద కూలీలు అద్దెకుండే కాథరిన్ బిల్డింగ్స్‌లో ఆమె ఇదే పద్ధతిలో అద్దెలు వసూలు చేశారు. తరువాత ఆ పని వదిలి, లండన్ పేదరికంపై చార్లెస్ బూత్ చేపట్టిన సర్వేలో చేరారు. పేదలకు అందే ప్రభుత్వ సాయాన్ని నిర్దేశించే పేదల చట్టంపై 1905లో ఏర్పాటైన రాయల్ కమిషన్ అనే విచారణ సంఘంలో ఆక్టేవియా, బియాట్రిస్ ఇద్దరూ సభ్యులయ్యారు. సభ్యులకు ఏకాభిప్రాయం కుదరక 1909లో రెండు నివేదికలు వెలువడినప్పుడు, స్వచ్ఛంద సేవకు పెద్దపీట వేసిన మెజారిటీ నివేదికపై ఆక్టేవియా సంతకం చేయగా, పేదరికాన్ని నివారించే బాధ్యత ప్రభుత్వానిదేనన్న మైనారిటీ నివేదికపై బియాట్రిస్ సంతకం చేశారు.