బాబ్ ఎల్ హదీద్ రివ్యూ: ఆ కళ్ల కోసమే చూడండి

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ బ్లూరే డిస్క్ నాకు ఉచితంగా పంపారు. ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ‘బాబ్ ఎల్ హదీద్’ 1958 నాటి ఈజిప్టు సినిమా, బ్లాక్ అండ్ వైట్. ప్రింట్ వివరాలు, డిస్క్‌లో అదనంగా ఇచ్చిన ఎక్స్‌ట్రాల జోలికి నేను పెద్దగా వెళ్లను.

నేను మాట్లాడేది కినావీ కళ్ల గురించి. కైరో రైల్వే స్టేషన్‌లో పేపర్లు అమ్ముకుంటూ, ఒక కాలు ఈడుస్తూ నడిచే మనిషి కినావీ. డైరెక్టర్ యూసఫ్ షాహీనే ఆ వేషం కట్టాడు. మాటలు తక్కువ, నటనంతా చూపుల్లోనే. రైలు పెట్టెలో కుర్రాళ్లు పాట అందుకుంటారు, కూల్‌డ్రింకులు అమ్మే హన్నూమా వాళ్లతో కలిసి ఆడుతుంది. కినావీ బయట నిలబడి చూస్తాడు. మొదట ఆ ముఖంలో చిన్నపిల్లాడి సంబరం. కాసేపటికి అదే చూపు మనకి భయం పుట్టిస్తుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందో పట్టుకుందామని వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూశాను, దొరకలేదు!

కినావీ గుడిసె గోడల నిండా పత్రికల్లోంచి కత్తిరించిన ఆడవాళ్ల బొమ్మలు. అందులో ఒక బొమ్మ చేతికి హన్నూమా బకెట్ కూడా గీసి పెట్టుకుంటాడు. వెంటపడటాన్నే ప్రేమంటూ పాట కట్టే సినిమాలు చూసి చూసి నాకు విసుగొచ్చింది. షాహీన్ అలా చేయలేదు. కినావీని జనం మనిషిగా లెక్కచేయరని చూపిస్తాడు, మనకి జాలి కలుగుతుంది. అయినా కత్తి కొన్నాక వాడిని వెనకేసుకురాడు. హన్నూమాదీ కష్టమే కదా, లైసెన్స్ లేదు, పోలీసుల్ని చూస్తే పరుగు. అయినా నవ్వుతుంది, దెబ్బకి దెబ్బ మాట విసురుతుంది. హన్నూమాగా హింద్ రుస్తుమ్ వచ్చిన ప్రతి సీనూ నాకు పండగే.

ఫరీద్ షౌకీ అప్పట్లో పెద్ద మాస్ హీరో. ఇక్కడ కూలీల యూనియన్ కోసం తిరిగే అబూ సెరీ. ఆయన ఫైట్ల కోసం వచ్చిన జనం అప్పుడు ఈ సినిమాని తిప్పికొట్టారు. ఇంతకుముందు నేను చూసిన కాపీలో ముఖాలే సరిగ్గా ఆనేవి కావు. ఈ డిస్క్‌లో చెమట చుక్క కూడా తెలుస్తోంది.

కోపం వచ్చింది సబ్‌టైటిల్స్ మీద. తెల్ల చొక్కాల మీద తెల్లక్షరాలు! యూనియన్ గొడవ సీన్లలో సగం మాటలు అందలేదు. చివర్లో పేపర్ల కొట్టు మద్బూలీ కినావీతో మాట్లాడే మాటలు మాత్రం ఒక్కటీ వదలకండి, కావాలంటే ఆపి చదవండి.

నా మాట అడిగితే, కొనండి. దీన్ని ఫోన్‌లో చూడొద్దు, ఇంట్లో ఉన్న పెద్ద తెర మీద వేసుకోండి.