ఐదు చాలిన చోట యాభై ఎందుకు?

యాభై మిల్లీగ్రాములు! ఈ అంకె చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

రెన్ నగరంలో జరిగింది మీకు తెలిసిందే. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లో ఔషధ పరీక్ష. మందు పోర్చుగల్ కంపెనీ బియాల్‌ది, పరీక్ష నడిపింది బయోట్రయల్. ఆరోగ్యంగా వచ్చిన వాలంటీర్లలో ఒకరు చనిపోయారు. మందు పేరు బీఐఏ 10-2474. మెదడులో సహజంగా తయారయ్యే రసాయనం ఆనందమైడ్‌ను విరగ్గొట్టే ఎఫ్‌ఏఏహెచ్ అనే ఎంజైమ్‌ను ఆపడం దాని పని. బాగానే ఉంది, ఆపండి. పూర్తిగా ఆగిపోయాక ఇంకా ఏమిటి ఆపేది? తాళం పడిన తలుపుకు మరో పది తాళాలు ఎవరైనా వేస్తారా?

ఇది నా సొంత కోపం మాత్రమే కాదు. ఎంజైమ్ పూర్తిగా ఆగడానికి సరిపోయే మోతాదుకు 10 నుంచి 40 రెట్లు ఇచ్చారని ఫ్రాన్స్ ఔషధ నియంత్రణ సంస్థ వేసిన నిపుణుల కమిటీయే తేల్చింది; అంటే యాభైకి బదులు ఐదు మిల్లీగ్రాములే చాలేవి. రోజూ మందు ఇచ్చిన బృందాలను వరసగా చూడండి: 2.5, 5, 10, 20... ఆ తర్వాత ఒక్కసారిగా 50 మిల్లీగ్రాములు! ముందే కాగితం మీద గీసుకున్న మెట్లను కళ్లు మూసుకుని ఎక్కారన్నది నా అనుమానం.

ఇక ఆ ఉదయం సంగతి. జనవరి 10 రాత్రి ఆ యాభై మిల్లీగ్రాముల బృందంలోని ఒక వాలంటీరును ఆసుపత్రికి తరలించారు. 11న పొద్దున ఆయన పరిస్థితి ఏమిటో కనుక్కోకుండానే మిగిలిన ఐదుగురికీ మళ్లీ అదే మందు ఇచ్చారు! మీ తోటివాడు ఆసుపత్రిలో ఉన్నాడు, మీరు మందు వేసుకుంటారా, మానేస్తారా అని సరిగ్గా అడిగిన పాపాన పోలేదు. వాళ్లకు దక్కే పారితోషికం 1,900 యూరోలు. నియంత్రణ సంస్థకు కబురు అందింది 14న. 17న ఆ మొదటి మనిషి ప్రాణం పోయింది.

'మోతాదు కాదు, మందే చెడ్డది' అంటారు కొందరు. 2017లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రవేత్తల బృందం దీన్ని పరిశీలించి, ఈ మందు ఎఫ్‌ఏఏహెచ్‌తో ఆగకుండా కొవ్వులను విడగొట్టే వేరే లైపేజ్ ఎంజైమ్‌లనూ పట్టుకుంటుందని చూపింది. అదే ఎఫ్‌ఏఏహెచ్‌ను ఆపే ఫైజర్ వారి మందు పీఎఫ్-04457845 అలా పట్టుకోలేదు. సరే, ఒప్పుకుంటాను. మరి గురి తప్పే గుణమున్న మందును ఐదు దగ్గర ఆపకుండా యాభైకి తీసుకెళ్తే ఆ పక్క దెబ్బలు పెరుగుతాయా, తగ్గుతాయా? మందు చెడ్డదైతే మోతాదు మీద ఇంకా ఎక్కువ భయం ఉండాలి కదా!