పాత సైనిక రెక్కర్ కొంటున్నారా? పరిశీలన క్రేను దగ్గర మొదలుపెట్టండి

[దృశ్యం: ఆకుపచ్చ రంగు వేసిన మూడు యాక్సిళ్ల లారీ. వెనుక భాగంలో మడిచి పెట్టిన క్రేను బూమ్. కెమెరా వెనుక నుంచి ముందుకు మెల్లగా కదులుతుంది.]

వ్యాఖ్యానం:

నమస్కారం. సైన్యం వాడి వదిలేసిన రికవరీ లారీని, అంటే రెక్కర్‌ను కొనాలనుకునేవారు సాధారణంగా ముందుగా బానెట్ ఎత్తి ఇంజను చూస్తారు. ఇంజను వెంటనే అందుకుని నిండుగా మోగిందంటే, సగం బేరం అక్కడే కుదిరిపోతుంది. ఈ వరుసను తిరగేయాలని నా మనవి. రెక్కర్ అంటే ఒకే ఛాసిస్ మీద ఉన్న రెండు యంత్రాలు. ఒకటి లారీ, రెండోది క్రేనూ వించ్‌లూ (ఉక్కు తాడును డ్రమ్ముకు చుట్టి బరువులు లాగే యంత్రాలు) కలిసిన బరువులెత్తే యంత్రం. ఇంజను చెడితే బండి దారిలో ఆగిపోతుంది, అంతే. క్రేను చెడితే దాని కింద ఉన్న మనిషికి ముప్పు. అందుకే మనం వెనుక నుంచి ముందుకు చూసుకుంటూ వద్దాం.

[దృశ్యం: డ్యాష్‌బోర్డు మీద రివిట్లతో బిగించిన డేటా ప్లేటు.]

మనం మాట్లాడుకుంటున్నది అమెరికా సైన్యపు ఐదు టన్నుల తరగతి రెక్కర్ల గురించి. ఎం39 వరుసలో ఎం62, ఎం543 ఉన్నాయి. ఎం809 వరుసలో వచ్చినది ఎం816, ఎం939 వరుసలో వచ్చినది ఎం936. ఎం62లో పెట్రోలు ఇంజను ఉంటుంది. ఎం543కు ఒక రూపమైన ఎం543ఎ2లో రకరకాల ఇంధనాలతో నడిచే 7.8 లీటర్ల మల్టీఫ్యూయల్ ఇంజను ఉంటుంది. ఎం816లో 14 లీటర్ల కమిన్స్ ఎన్‌హెచ్‌సీ-250 ఇంజనుకు ఐదు గేర్ల మాన్యువల్ గేరుబాక్సు జతపడి ఉంటుంది. ఎం936లో అదే ఇంజనుకు అల్లిసన్ ఆటోమేటిక్ గేరుబాక్సు వచ్చింది. కాబట్టి అమ్మేవారు చెప్పిన పేరుతో సరిపెట్టుకోకుండా డేటా ప్లేటు చదవండి. ఆ బండిని ఏదైనా సైనిక డిపోలో విప్పి పునర్నిర్మించి ఉంటే, ఆ డిపో పేరూ సంవత్సరమూ మరో ప్లేటు మీద కనిపిస్తాయి. ఓడోమీటరు మీద తక్కువ అంకె చూసి మాత్రం సంతోషించకండి. ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిన లారీలో సీళ్లు ఎండిపోతాయి, బ్రేకు సిలిండర్లు తుప్పు పడతాయి, ట్యాంకులో నీరు చేరుతుంది.

[దృశ్యం: క్రేను బూమ్ దగ్గరగా. హైడ్రాలిక్ సిలిండరు రాడ్ మీద చేతివేలు నెమ్మదిగా జరుగుతుంది.]

ఇప్పుడు క్రేను. ఈ తరగతి రెక్కర్ క్రేనుకు గరిష్ఠ సామర్థ్యం 20,000 పౌండ్లు, అంటే సుమారు 9,070 కిలోలు. బూమ్, అంటే క్రేను చేయి, పది అడుగుల నుంచి పద్దెనిమిది అడుగుల వరకు సాగుతుంది. ఆ 20,000 పౌండ్లన్నది బూమ్‌ను పూర్తిగా లోపలికి ముడిచి, దాని కింద ఆధారపు జాకీలను నిలబెట్టినప్పటి లెక్క మాత్రమే. బూమ్ సాగిన కొద్దీ ఎత్తగల బరువు వేగంగా పడిపోతుంది. క్రేను మీద ఉండవలసిన బరువుల పట్టిక చెరిగిపోయి ఉంటే, దాని ప్రతి సంపాదించేదాకా ఆ క్రేనుతో పని చేయకూడదు.

పరీక్ష ఇలా చేయాలి. పీటీఓ, అంటే ఇంజను శక్తిని క్రేనుకు అందించే జోడింపును కలిపి, బూమ్‌ను పైకీ కిందికీ, లోపలికీ బయటికీ, రెండు పక్కలకూ కనీసం ఇరవై నిమిషాలు ఆడించమని అడగండి. బూమ్‌ను ఒత్తిడితో కదిలించే హైడ్రాలిక్ నూనె చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు బయటపడని కారుడు, అది వేడెక్కి పలచబడిన తరువాత బయటపడుతుంది. “బ్యాటరీ లేదు, పీటీఓ పట్టడం లేదు, లారీ మాత్రం బ్రహ్మాండంగా నడుస్తుంది” అని అమ్మేవారు అంటే, క్రేను పనిచేయదన్న లెక్కతోనే ధర మాట్లాడండి. ఆడించి చూడని క్రేనుకు నా లెక్కలో విలువ సున్నా.

తరువాత, బరువు ముందే తెలిసిన ఒక వస్తువును పట్టిక అనుమతించే హద్దుకు బాగా లోపలే ఉండేలా ఎంచుకుని, నేల నుంచి ఒక అడుగు ఎత్తున నిలపండి. బూమ్‌ను ఎత్తే సిలిండరులోంచి రాడ్ బయటికి వచ్చే చోట, సీలు అంచుకు ఆనుకుని సుద్దముక్కతో ఒక గీత గీసి, ఇంజను ఆపించండి. పది నిమిషాల తరువాత గీత ఎక్కడుందో చూడండి. గీత సీలు లోపలికి జారిపోతే, సిలిండరు లోపలి సీళ్లో, బరువును పట్టి నిలపవలసిన వాల్వో అరిగిపోయాయని అర్థం. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ బూమ్ కింద ఎవరూ నిలబడకూడదు. ఆ రాడ్ మీద గోరు పెట్టి నిలువునా జరపండి. క్రోమ్ పూత నున్నగా ఉంటే గోరు జారుతుంది, తుప్పు గుంటలుంటే తగిలి ఆగుతుంది. అలాంటి రాడ్ కొత్త సీలును కూడా కొద్ది రోజుల్లోనే కోసేస్తుంది కనుక, సీలు మారిస్తే చాలన్న మాటను నమ్మవద్దు. హైడ్రాలిక్ ట్యాంకులోని నూనె పాలలా తెల్లబడి ఉంటే అందులో నీరు కలిసిందన్నమాట.

క్రేను కూర్చునే పీఠం బోల్టులను ఒక్కొక్కటిగా చూడండి. బోల్టు తల చుట్టూ ఎర్రటి సన్నటి పొడి కనిపిస్తే, ఆ జోడింపు లోపల కదులుతూ రాపిడి పడుతోందని అర్థం. పీఠం చుట్టూ, ఛాసిస్ పట్టీల మీద, వెనుక యాక్సిళ్ల సస్పెన్షన్ బ్రాకెట్ల దగ్గర బీటలు వెతకండి. మిగతా బండంతా వెలిసిపోయి ఉండగా ఒక్క చోట మాత్రమే కొత్త రంగు మెరుస్తుంటే, ముందు అక్కడే చూడాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. 1980ల నుంచి ఈ లారీలకు వేసిన రసాయన నిరోధక సైనిక రంగును గ్రైండరుతో గీకినా, దాని మీద వెల్డింగ్ చేసినా విషపూరితమైన పొడీ పొగా వెలువడతాయి. తగిన శ్వాస రక్షణ లేకుండా ఆ పని ముట్టుకోవద్దు.

[దృశ్యం: వించ్ డ్రమ్ము. చేతి తొడుగు వేసుకున్న చేయి ఉక్కు తాడును చివరి చుట్ల దాకా విప్పుతుంది.]

వించ్‌లకు వస్తే, ముందుది 20,000 పౌండ్లు, వెనుకది 45,000 పౌండ్లు లాగగలదని పత్రాల్లో ఉంటుంది. ఈ అంకెలు డ్రమ్ము మీద మొదటి పొరకే వర్తిస్తాయి. పైన పొరలు పేరుకున్న కొద్దీ డ్రమ్ము వ్యాసం పెరిగినట్టే కనుక లాగే బలం తగ్గుతుంది. తాడు పైపొర ఎప్పుడూ గాలికి ఆరుతూ బాగానే కనిపిస్తుంది, తడి నిలిచేది అడుగు పొరల్లోనే. కాబట్టి తాడును పూర్తిగా విప్పించి చూడవలసిందే. ఒక పాయ తాడు చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగే పొడవులో ఆరు తీగలు తెగి ఉన్నా, ఒకే పాయలో మూడు తెగి ఉన్నా, ఆ తాడును తీసివేయాలని అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ముడి పడి నలిగిన చోటు ఉన్నా తాడు పనికిరాదు. హుక్కు నోరు మామూలుకంటే 15 శాతానికి మించి తెరుచుకున్నా, 10 డిగ్రీలకు మించి మెలిపడినా దానినీ పక్కన పెట్టాలి.

ఎం39, ఎం809 వరుసల ముందు వించ్ షాఫ్టులో ఒక చిన్న మెత్తటి పిన్ను ఉంటుంది. బరువు హద్దు దాటితే అది తెగిపోయి తాడునూ గేర్లనూ కాపాడుతుంది. దాని స్థానంలో ఎవరైనా గట్టి ఉక్కు బోల్టు బిగించి ఉంటే, ఆ బండిని ఇంతకుముందు ఎలా వాడారో మీకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు. అలాంటి చోట మిగతా తనిఖీని రెట్టింపు శ్రద్ధతో చేయండి.

[దృశ్యం: చక్రం వెనుక భాగం. బ్రేకు గొట్టాల మీద టార్చి వెలుగు.]

క్రేను తరువాత నేను భయపడేది బ్రేకులకే. ఎం39, ఎం809 వరుసల్లో గాలి సహాయంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు ఉంటాయి, వాటికి ఉన్నది ఒకే సర్క్యూట్. ఏదో ఒక చక్రం దగ్గర గొట్టం పగిలినా చాలు, అన్ని చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఆ తరువాత మిగిలేది ట్రాన్స్‌ఫర్ కేసు (గేరుబాక్సు శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే పెట్టె) వెనుక షాఫ్టు మీద ఉండే చేతి బ్రేకు ఒక్కటే. కాబట్టి వాలు మీద లారీని నిలిపి, చేతి బ్రేకు దాన్ని పట్టి ఉంచుతుందో లేదో చూడటం తప్పనిసరి. బ్రేకు ద్రవం ఊదా రంగులో ఉంటే అది సిలికాన్ రకం. దానిలో మామూలు ద్రవాన్ని కలపకూడదు. ఎం939 వరుసలో పూర్తి గాలి బ్రేకులు వచ్చాయి. రెండు రకాల బ్రేకుల బండ్లూ అందుబాటులో ఉండి, బండిని రోడ్డు మీద ఎక్కువగా నడపాలన్నది మీ ఉద్దేశమైతే, నేను ఎం936 వైపే మొగ్గుతాను.

ఇంజనును చల్లగా ఉండగానే చూడాలి. వెళ్లగానే ఇంజను మీద చేయి పెట్టండి, వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఒకసారి నడిపారన్నమాట. అమ్మేవారు ఒప్పుకుంటే, స్టార్టు చేయకముందే ఇంజను అడుగున నూనెను దించే డ్రెయిన్ ప్లగ్‌ను కాస్త వదులు చేసి కింద గిన్నె పట్టండి. నీరు నూనెకంటే బరువు కనుక, అది ఉంటే ముందుగా అదే దిగుతుంది. స్టార్టయిన వెంటనే కాసేపు తెల్లటి పొగ రావడం సహజం, వేడెక్కిన తరువాత కూడా నీలం పొగ ఆగకపోతే ఇంజను నూనె మండుతున్నట్టు. ఎన్‌హెచ్‌సీ-250 పౌర లారీల్లోనూ నడిచిన కుటుంబానికి చెందినది కనుక దాని విడిభాగాలు దొరకడం తేలిక, మల్టీఫ్యూయల్ ఇంజనుకు వెతుకులాట ఎక్కువ. విద్యుత్ వ్యవస్థ 24 వోల్టులదని గుర్తుంచుకుని, ప్రతి బ్యాటరీనీ విడివిడిగా పరీక్షించండి.

[దృశ్యం: టైరు పక్కగోడ మీద తయారీ అంకెలు.]

ఎం816కు నేల మీద పది టైర్లు ఉంటాయి. రబ్బరు మీద గాట్లు లోతుగా ఉన్నంత మాత్రాన టైరు కొత్తదని కాదు. తయారీ సంకేతం చివర నాలుగు అంకెలుంటే మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కు ముందుది. పది టైర్ల ఖర్చును ధరలోంచి తీసేసి బేరమాడండి. రింగుతో బిగించిన చక్రాలను గాలి పూర్తిగా తీయకుండా విప్పవద్దు, ఆ రింగు ఎగిరి తగిలితే ప్రాణం పోతుంది.

[దృశ్యం: బల్ల మీద పరిచిన పత్రాలు.]

ప్రభుత్వం నుంచి నేరుగా వచ్చిన బండి అయితే ఎస్‌ఎఫ్-97 అనే పత్రం ఉందో లేదో అడగండి. అమెరికాలో టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, పొందడానికి ఆధారం అదే. రోడ్డు మీద తిరగడానికి కాదన్న షరతుతో అమ్మిన బండికి, ఆ షరతు తెలియకుండా డబ్బు కట్టవద్దు. ఎం816 ఖాళీగానే సుమారు 36,000 పౌండ్లు తూగుతుంది. వాణిజ్య లైసెన్సుకు అక్కడి సమాఖ్య నిబంధన పెట్టిన హద్దు 26,001 పౌండ్లు. సొంత వాడుకకు మినహాయింపు ఉంటుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక, కొనకముందే విచారించుకోండి.

ఈ బండితో టోయింగ్ వ్యాపారం చేద్దామని వచ్చేవారితో ఒక మాట సూటిగా చెప్పాలి. దీనికి కింద నుంచి చక్రాలను పట్టి ఎత్తే ఏర్పాటు లేదు. ప్లాస్టిక్ బంపర్లతో నేలకు దగ్గరగా ఉండే నేటి వాహనాలను గొలుసులతో వేలాడదీస్తే అవి దెబ్బతింటాయి. బురదలో దిగబడిన బరువైన యంత్రాలను బయటికి లాగడానికి, పొలంలోనో యార్డులోనో బరువులెత్తడానికి మాత్రం ఇది గొప్ప పనిముట్టు.

[దృశ్యం: ట్రైలరు మీదికి ఎక్కుతున్న రెక్కర్.]

అన్నీ సరిపోయి కొన్నా, మొదటి రోజున దానిని నడుపుకుంటూ ఇంటికి తేవద్దు. దాని బరువును మోయగల ట్రైలరును మాట్లాడుకోండి, బూమ్ ఎత్తును కొలిచి దారిలోని వంతెనల ఎత్తుతో సరిచూసుకోండి. ఇంటికి చేరిన తరువాత ప్రతి బ్రేకు గొట్టాన్నీ, ప్రతి చక్రం సిలిండరునూ విప్పి చూసి, ఆ పని పూర్తయ్యాకే దానిని రోడ్డెక్కించండి.