వెనుక బార్ మారిస్తే ముందు చక్రాలకు పట్టు: నా సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌లో 22 మిల్లీమీటర్ల స్వే బార్

నమస్కారం. నా సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌కు వెనుక స్వే బార్ మార్చి ఇప్పటికి నాలుగు నెలలు గడిచాయి. కారుతో పాటు వచ్చిన బార్‌ను కాలిపర్‌తో కొలిస్తే మందం 20 మిల్లీమీటర్లు ఉంది, దాని స్థానంలో బిగించినది 22 మిల్లీమీటర్లు. ఈ నాలుగు నెలల్లో అట్లాంటాలో రోజూ ఆఫీసుకు ఈ కారులోనే వెళ్లాను, ఖాళీ పార్కింగ్ స్థలాల్లో కోన్‌లు పెట్టి నడిపే ఆటోక్రాస్‌లో మూడుసార్లు పాల్గొన్నాను, టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దులో 11 మైళ్ల దూరంలో 318 మలుపులున్న యూఎస్ 129 మీద, అంటే టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అని అందరూ పిలిచే దారిలో, ఒక రోజంతా తిరిగాను. పెట్టె విప్పిన రోజునే అభిప్రాయం చెప్పడం ఇష్టం లేక ఇన్నాళ్లు ఆగాను.

ముందుగా ఈ భాగం చేసే పని ఏమిటో చూద్దాం. స్వే బార్, అంటే మన దేశంలో యాంటీ రోల్ బార్ అని ఎక్కువగా పిలిచేది, రెండు చివరలూ వంచిన ఒక స్ప్రింగు ఉక్కు కడ్డీ. దాని మధ్యభాగాన్ని రెండు బుష్‌లలో, అంటే కడ్డీని చుట్టి పట్టుకునే మెత్తని తొడుగులలో, ఉంచి కారు అడుగుభాగానికి బిగిస్తారు, చివరలను ఎండ్ లింకులు అనే చిన్న కడ్డీల ద్వారా కుడి, ఎడమ చక్రాల సస్పెన్షన్‌కు కలుపుతారు. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు ఆ కడ్డీ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది తప్ప దేన్నీ ఎదిరించదు. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు మాత్రం ఒక చివర పైకి, రెండో చివర కిందికి వెళ్లి, తడిబట్టను రెండు చేతులా పిండినట్టు కడ్డీ మెలిపడుతుంది. ఆ మెలికను ఎదిరించే బలమే కారు ఒరుగుదలను తగ్గిస్తుంది. కెనడాకు చెందిన స్టీఫెన్ కోల్మన్ దీనిపై పేటెంటు పొందింది 1919లో. వందేళ్లు దాటినా మూల సూత్రం మారలేదంటే నాకు ఆ ఆలోచన మీద ఎంతో గౌరవం కలుగుతుంది.

రెండు మిల్లీమీటర్లకే అంత తేడా వస్తుందా అని మిత్రులు అడిగారు. మెలికను ఎదిరించే గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 22ను 20తో భాగిస్తే 1.1 వస్తుంది, దాన్ని నాలుగుసార్లు వేసి గుణిస్తే (1.1 × 1.1 × 1.1 × 1.1) 1.46 అవుతుంది, అంటే మందం పది శాతం పెరిగితే గట్టిదనం దాదాపు 46 శాతం పెరిగిందన్నమాట. అదే 24 మిల్లీమీటర్లు వేసి ఉంటే గట్టిదనం రెట్టింపు దాటేది. కడ్డీ నడుమ ఉన్న ఉక్కు ఈ పనిలో పాలుపంచుకునేది చాలా తక్కువ కనుక కొన్ని సంస్థలు బోలు బార్లు చేస్తాయి. లోపలి రంధ్రం బయటి వ్యాసంలో సగం ఉంటే బరువు నాలుగో వంతు తగ్గుతుంది, గట్టిదనం మాత్రం పదహారో వంతే తగ్గుతుంది. కాబట్టి బోలు బార్‌ను, బోలు లేని బార్‌ను మందం ఒక్కటే చూసి పోల్చకండి.

ఇప్పుడు చాలామంది పొరబడే విషయానికి వస్తాను, ఎందుకంటే ఈ వీడియో చేయడానికి అసలు కారణం అదే. స్వే బార్ కారుకు కొత్తగా పట్టు తెచ్చిపెట్టదు. మలుపులో లోపలి చక్రాల మీది భారం బయటి చక్రాల మీదికి మారుతుంది, ఎంత మారుతుందన్నది కారు గరిమనాభి ఎత్తు, కుడి ఎడమ చక్రాల మధ్య వెడల్పు, మలుపు ఎంత వేగంతో తీసుకున్నామన్న దాన్ని బట్టి తేలుతుంది. మీరు ఎంత లావు బార్ వేసినా ఆ మొత్తం దాదాపు అంతే ఉంటుంది. మారేది వాటా మాత్రమే: ఆ భారం బదిలీలో ముందు చక్రాల జత ఎంత మోయాలి, వెనుక చక్రాల జత ఎంత మోయాలి అన్నది. ఒక టైరు మీద భారం రెట్టింపు అయినప్పుడు దాని పట్టు రెట్టింపు కాదు, అంతకు తక్కువే పెరుగుతుంది. అందువల్ల ఎక్కువ బదిలీని మోసే జతలో బయటి టైరుకు కలిగిన లాభం లోపలి టైరు పోగొట్టుకున్నదాన్ని పూడ్చలేదు, ఆ జత మొత్తం పట్టు తగ్గుతుంది. వెనుక బార్‌ను గట్టి చేస్తే వెనుక జత ఎక్కువ మోస్తుంది, ముందు జతకు ఆ మేరకు ఊరట దొరికి దాని పట్టు నిలుస్తుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఏ బార్ కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

డబ్ల్యూఆర్ఎక్స్‌లో బాక్సర్ ఇంజిన్, అంటే సిలిండర్లు రెండు పక్కలా పడుకుని ఉండే ఇంజిన్, ముందు ఇరుసుకు ఇంకా ముందు కూర్చుంటుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందుతున్నా కారు ముందు భాగమే బరువు కావడం వల్ల, మలుపులో స్టీరింగ్ తిప్పిన తరువాత కారు ముక్కు మనం చూపిన దారి కంటే బయటికి జారే అలవాటు కనిపిస్తుంది, దీన్నే అండర్‌స్టీర్ అంటారు. దాన్ని తగ్గించాలనుకున్నాను కాబట్టి ముందు బార్ జోలికి పోకుండా వెనుకదే మార్చాను. ముందు బార్‌ను గట్టి చేసేవాళ్లు కూడా తప్పు చేస్తున్నారని నేను అనను. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ అనే రకం సస్పెన్షన్ ఉన్న కారు ఒరిగినప్పుడు బయటి చక్రం తల బయటికి వాలి, టైరు తన అంచు మీద నడుస్తుంది. ఒరుగుదలను తగ్గిస్తే టైరు రోడ్డు మీద మరింత నిండుగా ఆనుతుంది. ఆటోక్రాస్ నడిపే ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వారి స్ట్రీట్ వర్గంలో ముందు, వెనుక బార్లలో ఒక్కదాన్నే మార్చుకోనిస్తారు, ఆ ఒక్కటి ఏదన్న చర్చ అక్కడ ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది.

రోడ్డు మీద తేడా ఎలా ఉందంటే, మొదట తెలిసేది ఒరుగుదల తగ్గడం కాదు, స్టీరింగ్ తిప్పిన క్షణానికీ కారు తిరగడం మొదలుపెట్టే క్షణానికీ మధ్య ఉన్న జాప్యం తగ్గడం. టెయిల్ ఆఫ్ ది డ్రాగన్‌లో వేగపరిమితి గంటకు 30 మైళ్లు, దాన్ని దాటాల్సిన అవసరం నాకు కలగలేదు. కుడి మలుపు ముగియకముందే ఎడమ మలుపు మొదలయ్యే చోట్ల పాత బార్‌తో కారు ఒక పక్క నుంచి రెండో పక్కకు ఒరిగి కుదురుకునే దాకా వేచి ఉండవలసి వచ్చేది, ఇప్పుడు ఆ విరామం దాదాపు లేదు. పక్క సీటులో కూర్చున్న నా భార్య తలుపు పిడి పట్టుకోవడం మానేసింది, నా మాటల కంటే అది మంచి సాక్ష్యం. ఆటోక్రాస్‌లో, కోన్ చుట్టూ నెమ్మదిగా తిరిగే చోట యాక్సిలరేటర్ కొద్దిగా వదిలితే ముక్కు లోపలికి తిరుగుతోంది, ఇదివరకు అక్కడ ముందు టైర్లు కీచుమంటూ బయటికి పోయేవి. సమయం ఎన్ని సెకన్లు తగ్గిందో చెప్పను, ఎందుకంటే మూడు రోజులూ ట్రాకు వేరు, ఎండ వేరు.

నష్టాలు కూడా ఉన్నాయి, వాటిని దాచడం నాకు ఇష్టం లేదు. ఒక్క చక్రం గుంతలో పడినప్పుడు ఆ కుదుపులో కొంత రెండో చక్రానికి కూడా చేరుతుంది, ఎందుకంటే బార్ ఆ రెండింటినీ ముడివేస్తుంది. పాడైన రోడ్డు మీద కారు వెనుక భాగం కుడి ఎడమలకు ఊగడం ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. ఇంతకన్నా ముఖ్యమైనది వాన. వెనుక చక్రాల పట్టు తగ్గించుకునే ముందు చక్రాల పట్టు నిలుపుకున్నాం కనుక, తడి రోడ్డు మీద మలుపు మధ్యలో ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే వెనుక భాగం జారే అవకాశం పెరుగుతుంది. కారు జారకుండా తానే బ్రేకులు వేసి సరిదిద్దే స్టెబిలిటీ కంట్రోల్‌ను రోడ్డు మీద ఎప్పుడూ ఆపకండి. వెనుక టైర్లు అరిగి ఉంటే ఈ బార్ గురించి ఆలోచించే ముందు టైర్లు మార్చండి.

బిగింపు విషయంలో నాకు ఎదురైనది చెబుతాను. మొదటిసారి ఒక వర్క్‌షాప్‌లో బిగించారు. వారం తిరగకముందే వెనుక నుంచి కిర్రుమనే శబ్దం మొదలైంది, ఎత్తుపల్లాల మీద టక్కుటక్కుమనేది. నేనే కారును ర్యాంపుల మీదికి ఎక్కించి విప్పి చూస్తే పాలీయురెథేన్ బుష్‌లలో గ్రీసు దాదాపు లేదు, ఒక ఎండ్ లింకు నట్టు వదులుగా ఉంది. బుష్‌లతో పాటు వచ్చే జిగురు గ్రీసును లోపలి ముఖమంతా పూసి, రెండు చక్రాల మీదా సమానంగా భారం ఉన్నప్పుడు ఎండ్ లింకులను తయారీదారు చెప్పిన టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, దాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాను. ఒక చక్రం వేలాడుతూ మరొకటి నేల మీద ఉన్నప్పుడు లింకు కలపబోతే బార్ అప్పటికే మెలిపడి ఉంటుంది, రంధ్రాలు కలవక పానాతో బలవంతం చేయాల్సి వస్తుంది. జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎప్పుడూ దూరకండి. బార్ మార్చినంత మాత్రాన వీల్ అలైన్‌మెంట్ చేయించనక్కర్లేదు, ఎందుకంటే ఇది చక్రాల కోణాలను నిర్ణయించే భాగం కాదు.

హైదరాబాద్, విశాఖ, విజయవాడల నుంచి చూస్తున్నవారికి ఒక మాట. మన దగ్గర అమ్ముడయ్యే చాలా హ్యాచ్‌బ్యాక్‌ల వెనుక ట్విస్ట్ బీమ్ ఉంటుంది. రెండు చక్రాలను కలిపే ఆ దూలమే మెలిపడుతూ స్వే బార్ చేసే పనిలో కొంత చేస్తుంది, కాబట్టి నేను ఇక్కడ చెప్పిన 46 శాతం లెక్కను ఆ కార్లకు అలాగే అన్వయించకండి. అక్కడ అదనపు బార్‌ను ఆ దూలానికే బిగిస్తారు. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న కారులో వెనుక బాగా గట్టి చేస్తే మలుపులో వెనుక లోపలి చక్రం నేల వదిలి లేవవచ్చు. అరకు ఘాట్‌లో కంకర, తడి, ఎదురు బస్సు అన్నీ ఒకే మలుపులో కలిసే అవకాశం ఉంది కనుక మరీ గట్టి బార్‌ను అక్కడ నేను సిఫారసు చేయను. మార్పు గురించి ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే తెలియజేయండి.

ఇక నా సెట్టింగ్. ఈ బార్ చివర్లలో మూడేసి రంధ్రాలున్నాయి. లింకును చిట్టచివరి రంధ్రానికి కలిపితే చేయి పొడవై బార్ మెత్తగా పనిచేస్తుంది, వంపుకు దగ్గరి రంధ్రానికి కలిపితే గట్టిగా పనిచేస్తుంది. మొదటి నెల మెత్తని రంధ్రంలోనే నడిపాను, ఆ తరువాత నడిమి దానికి మార్చాను, రోజువారీ వాడకానికి అక్కడే ఆగాను. గట్టి రంధ్రాన్ని ఒక్క ఆటోక్రాస్ రోజున ప్రయత్నించాను, పొడి నేల మీద బాగుంది, మధ్యాహ్నం జల్లు పడగానే నడిమి రంధ్రానికి తిరిగి మార్చేశాను. శీతాకాలం రాగానే మళ్లీ మెత్తని రంధ్రానికి మార్చి, బుష్‌లకు కొత్త గ్రీసు పూస్తాను.